కూడినా తీసేసినా గుర్తు కదలదు: అసమీకరణాల్లో తప్పులు ఎక్కడ జరుగుతాయి?

శ్రీరాంసాగర్ ప్రాజెక్టు పూర్తిస్థాయి నీటిమట్టం 1,091 అడుగులు. వానాకాలంలో నిజామాబాద్ నుంచి కాకతీయ కాలువ కింద ఆయకట్టు ఉన్న వరంగల్ దాకా పేపర్ల జిల్లా పేజీల్లో ఈ అంకె రోజూ కనిపిస్తుంది. పక్కనే ఆ రోజు మట్టం వేస్తారు. ఒకరోజు అది 1,078 అడుగులు ఉందనుకుందాం. ఇంకా ఎన్ని అడుగులు పెరగొచ్చని అడిగితే ఎవరైనా 13 అనేస్తారు. కానీ అడిగింది ఎంత పెరగొచ్చని. రెండడుగులు పెరగొచ్చు, ఏడున్నర పెరగొచ్చు, పదమూడూ పెరగొచ్చు. ఇవన్నీ సరైన జవాబులే. రెండు వైపులూ సమానమని చెప్పేది సమీకరణం, ఒక వైపు ఇంకో వైపు కంటే తక్కువో ఎక్కువో అని చెప్పేది అసమీకరణం. సమీకరణానికి సాధారణంగా ఒక్క సంఖ్య జవాబుగా వస్తుంది, అసమీకరణానికి సంఖ్యల గుంపు వస్తుంది. ఈ ఒక్క తేడా మనసుకు పట్టకపోతే మిగతా పాఠం అంతా గుర్తులు అటూ ఇటూ మార్చే తతంగంలా అనిపిస్తుంది.

తెలియని సంఖ్యకు బడి పుస్తకాల్లో ఎక్స్ అని రాస్తారు. ఇక్కడ 'య' అని పెట్టుకుందాం. మన పాత బీజగణితంలో తెలియని రాశిని యావత్తావత్ అని పిలిచి, లెక్కలో పొట్టిగా 'యా' అని రాసేవాళ్లు. కాబట్టి ఇదేమీ వింత కాదు. < అంటే ఎడమవైపుది చిన్నది, > అంటే పెద్దది. కింద గీత ఉంటే (≤, ≥) సమానం కూడా కావచ్చు.

1078 + య ≤ 1091

రెండు వైపులా 1078 తీసేస్తే

య ≤ 13

లెక్క అయిపోయింది. అయితే య ≤ 13 అన్న జవాబులో −5 కూడా ఉంది. అంటే నీటిమట్టం ఐదడుగులు తగ్గడం అన్నమాట. అడిగింది పెరుగుదల గురించే కాబట్టి 0 ≤ య అన్న షరతును మనమే చేర్చుకోవాలి. అది లెక్క చెప్పదు, ప్రశ్న చెబుతుంది. ఇంకో సంగతి: ≤ అని రాయడం షరతు పెట్టడమే తప్ప జరగబోయేదానికి హామీ కాదు. కడెం ప్రాజెక్టు పూర్తిస్థాయి మట్టం 700 అడుగులు. 2022 జూలైలో వరద దాని గేట్ల పైనుంచి పొంగినప్పుడు ఆ షరతును గోదావరి ఉపనది అయిన కడెం పట్టించుకోలేదు.

ఇంత తేలికైన పాఠంలో పిల్లలు ఎందుకు తడబడతారు? ఎక్కువ మంది విషయంలో కారణం ఒకటే. అసమీకరణాలు అనగానే "మైనస్ వస్తే గుర్తు తిప్పాలి" అన్న రూల్ ఒకటి బుర్రలో బలంగా నాటుకుపోయి ఉంటుంది. ఆ రూల్ రుణ సంఖ్యతో గుణించినప్పుడు, భాగించినప్పుడు మాత్రమే. కూడికకూ తీసివేతకూ దానితో సంబంధమే లేదు. కానీ పరీక్ష హాల్లో టెన్షన్‌లో మైనస్ గుర్తు ఎక్కడ కనబడితే అక్కడ < కాస్తా > అయిపోతుంది.

గుర్తు ఎందుకు కదలదో తెలుసుకుంటే ఆ రూల్‌ను అనవసరమైన చోట వాడే అలవాటు దానంతట అదే పోతుంది. అన్నకు 8 ఏళ్లు, తమ్ముడికి 3 ఏళ్లు. పదేళ్లు గడిస్తే 18, 13. రెండేళ్లు వెనక్కి వెళితే 6, 1. ఎన్నేళ్లు ముందుకు జరిగినా వెనక్కి జరిగినా అన్న అన్నే, మధ్యలో తేడా ఐదేళ్లే. సంఖ్యా రేఖ మీద రెండు చుక్కల్ని ఒకే దిక్కుకు, ఒకే దూరం జరపడమంటే ఇదే. వాటి మధ్య దూరం మారదు, ఏది కుడివైపు ఉందో అదీ మారదు.

అదే మాట బీజగణితంలో చెప్పాలంటే ఒక్క వరుస చాలు. క < గ అంటే గ − క ధన సంఖ్య అని అర్థం. రెండింటికీ చ కూడితే తేడా (గ + చ) − (క + చ). ఇందులో చ కొట్టుకుపోయి మళ్లీ గ − క మిగులుతుంది. చ ధనమా, రుణమా, భిన్నమా అన్నది ఎక్కడా అడగాల్సిన పని పడలేదు. తీసివేత అంటే రుణ సంఖ్యను కూడటమే కాబట్టి దానికి వేరే రుజువు అక్కర్లేదు.

సున్నా దాటి కిందికి వెళ్లిన చోట మాత్రం కళ్లు మోసం చేస్తాయి. 3 < 8 నుంచి రెండు వైపులా 10 తీసేస్తే −7 < −2 వస్తుంది. 7 పెద్దగా కనిపించి చాలా మంది ఇక్కడ గుర్తు తిప్పేస్తారు. సంఖ్యా రేఖ మీద −7 ఎడమవైపు ఉంది, కాబట్టి అదే చిన్నది. గుర్తు సరిగ్గానే ఉంది. అదే 3 < 8 ను −1 తో గుణిస్తే −3 > −8. ఇక్కడ చుక్కలు పక్కకు జరగలేదు, సున్నాకు అవతలి వైపు బోల్తా పడ్డాయి. ఎడమది కుడికి, కుడిది ఎడమకు వెళ్లింది. గుర్తు తిరిగేది ఈ బోల్తా వల్లే తప్ప మైనస్ కనిపించినందుకు కాదు.

ఇక్కడ "పక్షాంతరం" గురించి ఒక మాట. అవతలి పక్కకు వెళితే ప్లస్ మైనస్ అవుతుంది, మైనస్ ప్లస్ అవుతుంది అని బళ్లలో చెప్పేది తప్పు కాదు, పని తొందరగా అవుతుంది. కానీ సంఖ్య ఎక్కడికీ వెళ్లదు. రెండు వైపులా ఒకే సంఖ్యను కూడి, ఒక వైపు సున్నా అయినదాన్ని రాయడం మానేస్తున్నాం, అంతే. "వెళితే మారుతుంది" అని మాత్రమే నేర్చుకున్న పిల్లవాడు సంఖ్య గుర్తుతో పాటు మధ్యలో ఉన్న < గుర్తునూ మార్చేస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. అసమీకరణాలు మొదలుపెట్టిన కొత్తలో కనీసం కొన్ని లెక్కలైనా "ఇరువైపులా 7 తీసివేయగా" అని పూర్తిగా రాయించడం మేలు. ఒక వరుస ఎక్కువవుతుంది, ఒక తప్పు తగ్గుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు ఉన్న రకం చూద్దాం. తెలియని సంఖ్య ముందే మైనస్ ఉంటే?

వడ్ల కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం మించకూడదన్నది షరతు. కల్లంలో ఆరబోసిన వడ్లను తేమ మిషన్‌లో పెడితే 21 చూపించింది. ఇంకా ఎన్ని పాయింట్లు తగ్గాలి? తగ్గాల్సింది య అనుకుంటే

21 − య ≤ 17

మామూలుగా చెప్పే పద్ధతిలో 21 తీసేసి −య ≤ −4 తెచ్చుకుని, −1 తో గుణించి, గుర్తు తిప్పి య ≥ 4 అంటారు. సరైనదే. కానీ గుణకారం దాకా వెళ్లాల్సిన అవసరమే లేదు. రెండు వైపులా య కూడితే

21 ≤ 17 + య

రెండు వైపులా 17 తీసేస్తే

4 ≤ య

ఎక్కడా గుర్తు తిప్పలేదు. 4 అనేది య కంటే చిన్నది లేదా దానికి సమానం, అంటే య కనీసం 4. రెండు దారుల్లోనూ వచ్చింది ఒకే జవాబు. రుణ సంఖ్యతో గుణిస్తే గుర్తు ఎందుకు తిరుగుతుందో కూడా ఈ దారిలోనే తెలిసిపోతుంది. −య ≤ −4 కు రెండు వైపులా య కూడి, 4 కూడి చూడండి. 4 ≤ య వస్తుంది. తిప్పడం అనేది రెండు కూడికల్ని కలిపి కుదించిన షార్ట్‌కట్ మాత్రమే. ఈ పాఠం చెప్పేటప్పుడు తిప్పే రూల్ కన్నా ముందు ఈ రెండు కూడికలు చూపించడం మంచిదని అనిపిస్తుంది. రూల్ మర్చిపోయినా లెక్క ఆగదు.

(తేమ నాలుగు పాయింట్లు తగ్గితే క్వింటాలుకు నాలుగు కిలోలే తగ్గుతాయనుకుంటే పొరపాటు. 21 శాతం తేమ ఉన్న 100 కిలోల్లో నీళ్లు పోగా 79 కిలోలు. ఆ 79 కిలోలే కొత్త బరువులో 83 శాతం కావాలి. 79ని 0.83తో భాగిస్తే 95.2 కిలోల దాకా వస్తుంది. తగ్గింది 4.8 కిలోలు. ఇది వేరే లెక్క, కానీ కల్లం దగ్గర ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడుకోవడం మామూలే.)

4 ≤ య దగ్గరకు వచ్చాక ఇంకో తప్పు కాచుకుని ఉంటుంది. జవాబులో య ముందుండాలని అలవాటు. అందుకని రెండు వైపుల్నీ అటూ ఇటూ మార్చి య ≤ 4 అని రాసేస్తారు. సమీకరణాల్లో ఈ అలవాటు ఏ నష్టమూ చేయదు, 4 = య అన్నా య = 4 అన్నా ఒకటే. ఇక్కడ మాత్రం కొంప ముంచుతుంది. వైపులు మార్చితే గుర్తును కూడా అవతలికి తిప్పి రాయాలి: య ≥ 4. గుర్తు నోరు తెరిచిన వైపు పెద్ద సంఖ్య ఉంటుంది. 4 ≤ య లో నోరు య వైపు ఉంది, వైపులు మార్చాక కూడా అది య వైపే ఉండాలి. పేపర్లు దిద్దే టీచర్లు లెక్కంతా సరిగ్గా ఉండి చివరి వరుసలో బోల్తా కొట్టినవాటిని తరచూ చూసేది ఇక్కడే.

సరిచూసుకోవడానికి రెండు సంఖ్యలు చాలు. మొదట హద్దు సంఖ్య: య = 4 పెడితే 21 − 4 = 17, రెండు వైపులూ సమానమయ్యాయి కాబట్టి హద్దు సరైనదే. తర్వాత జవాబు లోపలి నుంచి ఒకటి: య = 6 పెడితే 15 ≤ 17, నిజం. కాబట్టి దిక్కు కూడా సరైనదే. య ≤ 4 అని తప్పు రాసినవాళ్లు య = 0 పెట్టి చూసుంటే 21 ≤ 17 అని వచ్చి అప్పటికప్పుడే దొరికిపోయేది. అర నిమిషం పని, అయినా దాదాపు ఎవరూ చేయరు.

హద్దు గురించి ఇంకాస్త చెప్పుకోవాలి. < కీ ≤ కీ తేడా ఒక్క గీతే. ఆ గీత విలువ కాంటా దగ్గర తెలుస్తుంది. సంచిలో వడ్లు కనీసం 40 కిలోలు ఉండాలి, ఖాళీ గోనె సంచి బరువు 600 గ్రాములు అనుకుందాం. జోకినప్పుడు కాంటా చూపించే బరువు య అయితే

య − 0.6 ≥ 40

రెండు వైపులా 0.6 కూడితే

య ≥ 40.6

కాంటా సరిగ్గా 40.6 దగ్గర ఆగితే షరతు తీరినట్టే. ≥ లోని గీత చెప్పేది ఇదే. ఆ గీత చెరిపేసి > అని చదివితే ఇంకో దోసెడు పోయమంటారు. ఎంత ఎక్కువ పోస్తే 'ఎక్కువ' అవుతుందో > చెప్పదు కాబట్టి ఆ దోసెడు కిలో కావచ్చు, రెండు కిలోలూ కావచ్చు. యాసంగి కోతలప్పుడు ఏటా వినిపించే తరుగు గొడవల్లో చాలా భాగం ఈ అంచు దగ్గరివే.

మాటల్లో ఇచ్చిన లెక్కను గుర్తుల్లోకి మార్చేటప్పుడు కూడా తడబడేది ఈ అంచు దగ్గరే. "మించకూడదు" అంటే ≤. "కనీసం", "తగ్గకూడదు" అంటే ≥. "దాటితే" అంటే >. ఓటు హక్కుకు 18 ఏళ్లు నిండాలి, అంటే వయసు ≥ 18. సంఖ్యా రేఖ మీద గీసేటప్పుడు హద్దు కూడా జవాబులో ఉంటే నిండు చుక్క, లేకపోతే ఖాళీ సున్నా. కూడినా తీసేసినా గుర్తు కింది గీత కూడా మారదు. ≤ తో మొదలుపెట్టి < తో ముగించారంటే మధ్యలో చేయి జారిందని అర్థం.

ఈ గుర్తుల వయసు మరీ ఎక్కువేమీ కాదు. సమానం గుర్తును వేల్స్ గణితవేత్త రాబర్ట్ రికార్డ్ 1557లో అచ్చులోకి తెచ్చాడు. < , > గుర్తులు ఇంగ్లండ్ గణితవేత్త థామస్ హారియట్ పుస్తకంలో 1631లో కనిపించాయి, అప్పటికి ఆయన చనిపోయి పదేళ్లయింది. ఓరుగల్లులో వేయి స్తంభాల గుడి కట్టించిన కాలానికి (1163) ఈ గుర్తులేవీ లేవు, కానీ ఏది ఎక్కువో ఏది తక్కువో లెక్కగట్టకుండా అంత రాయిని నిలబెట్టడం అయ్యే పని కాదు.

తెలియని సంఖ్య రెండు వైపులా ఉన్నా పద్ధతి మారదు. హనుమకొండలో కోచింగ్ సెంటర్లు ఉన్న వీధుల్లో జిరాక్స్ షాపులకు కొదవ లేదు. ఒక షాపులో పేజీకి రెండు రూపాయలు, బైండింగ్ ఉచితం. పక్క షాపులో పేజీకి రూపాయే, కానీ బైండింగ్‌కు 30 రూపాయలు. పేజీల సంఖ్య య అనుకుంటే, మొదటి షాపు ఎప్పుడు చవక?

2య < య + 30

రెండు వైపులా య తీసేస్తే

య < 30

ముప్పై పేజీల లోపు నోట్సుకు మొదటి షాపు, ముప్పై దగ్గర రెండూ ఒకటే, ఆ పైన రెండోది. తెలియని సంఖ్యనే తీసేయవచ్చా అన్న అనుమానం కొందరికి వస్తుంది. య ఎంతైనా సరే, రెండు వైపులా అదే సంఖ్య కాబట్టి తీసేయవచ్చు. యతో భాగించాలంటే మాత్రం అది ధనమా రుణమా అని ముందు తేల్చుకోవాలి, తీసివేతకు ఆ బాధ లేదు. పేజీలు పూర్ణసంఖ్యలే కాబట్టి ఇక్కడ య < 30 అన్నా య ≤ 29 అన్నా ఒకటే. నీటిమట్టం విషయంలో అలా కాదు, 29కీ 30కీ మధ్య చాలా అడుగు ముక్కలున్నాయి.

ఒక్కోసారి రెండు వైపులా య తీసేస్తే య పూర్తిగా మాయమవుతుంది. య + 5 > య + 3 లో 5 > 3 మిగులుతుంది, అది ఎప్పుడూ నిజం, కాబట్టి ఏ సంఖ్యైనా జవాబే. య + 2 > య + 6 లో 2 > 6 మిగులుతుంది, జవాబే లేదు. లెక్క తప్పు చేశామని కంగారుపడాల్సిన పని లేదు.

రెండు హద్దులున్న అసమీకరణానికి పత్తిని మించిన ఉదాహరణ ఉత్తర తెలంగాణలో దొరకదు. కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (సీసీఐ) కొనుగోళ్లలో తేమ 8 శాతం దాకా ఉంటే పూర్తి మద్దతు ధర, 8 నుంచి 12 మధ్య ఉంటే పెరిగిన తేమకు తగ్గట్టు కోత, 12 దాటితే కొనరు. ఏరిన పత్తిలో తేమ 14 ఉంది. 8కీ 12కీ మధ్యకు రావాలంటే ఎంత ఆరాలి?

8 ≤ 14 − య ≤ 12

ఇది రెండు అసమీకరణాల్ని ఒకే వరుసలో రాయడమే. ఏం కూడినా మూడు చోట్లా కూడాలి. య కూడితే

8 + య ≤ 14 ≤ 12 + య

ఎడమ సగం నుంచి య ≤ 6, కుడి సగం నుంచి 2 ≤ య. కలిపితే

2 ≤ య ≤ 6

రెండు పాయింట్లు ఆరితే గానీ కొనుగోలుకు పనికిరాదు. ఆరు పాయింట్లు ఆరితే తేమ 8కి వస్తుంది, ధర పూర్తిగా వస్తుంది. అంతకు మించి ఎండబెడితే ధర పెరగదు, బరువు మాత్రం తగ్గుతుంది. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు బండి కట్టే ముందు రైతు అనుభవంతో చేసే అంచనా ఇదే. బీజగణితం దాన్ని రెండు హద్దుల మధ్య కూర్చోబెట్టింది. 8 + య ≤ 14 ≤ 12 + య అన్న వరుసను చూసి మధ్యలో య లేదేమిటని కొందరు ఆగిపోతారు. అది మధ్యలోనే ఉండాలన్న నియమం ఏమీ లేదు, విడగొట్టి చదువుకుంటే సరిపోతుంది.

ఒకప్పుడు పదో తరగతి రాష్ట్ర సిలబస్‌లో రేఖీయ ప్రణాళిక పాఠం ఉండేది. రెండు చలరాశుల అసమీకరణాలు గీసి, షేడ్ చేసి, గరిష్ఠ లాభం కనుక్కునేవాళ్లు. ఆ పాఠం చదివిన తరానికి అసమీకరణం అంటే లాభనష్టాల లెక్క అని గుర్తుంటుంది. పునాది మాత్రం ఈ కూడిక, తీసివేతలే. అక్కడే ఒక పెద్ద పొరపాటుకూ చోటుంది. అది బడి లెక్కల్లో కంటే ఊళ్లో లెక్కల్లోనే ఎక్కువ కనిపిస్తుంది.

రెండు అసమీకరణాల్ని ఒకదానికొకటి కూడవచ్చు. 5 < 9, 1 < 8 కలిపితే 6 < 17, నిజమే. గుర్తులు ఒకే వైపు చూస్తున్నంత కాలం ఇది ఎప్పుడూ పనిచేస్తుంది. కానీ ఒకదాని నుంచి ఇంకొకటి తీసేయకూడదు. పై రెండింటినే తీసేస్తే ఎడమవైపు 4, కుడివైపు 1. నాలుగు ఒకటి కంటే చిన్నది కాదు. రెండు వైపులా ఒకే సంఖ్యను తీసేస్తే గుర్తు భద్రం. ఇక్కడ ఎడమ నుంచి 1, కుడి నుంచి 8 తీశాం, తేడా చెదిరిపోయింది.

ఎకరం పత్తి మీద ఆదాయం కనీసం 70,000 రూపాయలు వస్తుంది, ఖర్చు కనీసం 45,000 అవుతుంది, కాబట్టి కనీసం 25,000 మిగులుతుంది అని ఎవరైనా అంటే వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఖర్చు కనీసం 45,000 అంటే 80,000 కూడా కావచ్చు. ఆ రెండు మాటల నుంచి మిగులు గురించి ఏమీ తేలదు. మిగులుకు కింది హద్దు కావాలంటే ఖర్చుకు పై హద్దు తెలియాలి. ఖర్చు 45,000 మించదని తెలిస్తే

ఆదాయం ≥ 70,000
45,000 ≥ ఖర్చు

రెండు గుర్తులూ ఒకే వైపు చూస్తున్నాయి కాబట్టి కూడవచ్చు:

ఆదాయం + 45,000 ≥ 70,000 + ఖర్చు

రెండు వైపులా 45,000 తీసేసి, ఖర్చు కూడా తీసేస్తే

ఆదాయం − ఖర్చు ≥ 25,000

ఇప్పుడు 25,000 అన్న మాటకు ఆధారం ఉంది. అది విత్తనం, ఎరువులు, పురుగుమందులు, ఏరే కూలి అన్నీ కలిపి 45,000 దాటదన్న రెండో వరుస మీద నిలబడి ఉంది. గులాబీ పురుగు వచ్చి ఇంకో రెండు సార్లు మందు కొట్టాల్సి వస్తే ముందుగా దిద్దుకోవాల్సింది ఆ వరుసనే. ఖర్చు హద్దు 52,000కు పెరిగితే మిగులు హద్దు అంతే మేరకు తగ్గి 18,000కు దిగుతుంది.